చదవటానికి పట్టే కాలం

ఎనిమిదో తరగతిలో పద్యానికి గురులఘువులు గుర్తించే విద్యార్థి, తాను ఛందస్సు నేర్చుకొంటున్నాననే అనుకొంటాడు. నిజానికి వాడు కాలాన్ని కూడా కొలుస్తున్నాడు. ఆర్యభటుడు క్రీ. శ. 499 నాటి తన గ్రంథంలో అరవై గుర్వక్షరాలు పలికే కాలాన్ని ఒక విఘడియ అన్నాడు. అరవై విఘడియలు ఒక ఘడియ; అరవై ఘడియలు ఒక దినం. ఘడియ అంటే 24 నిమిషాలు గనుక విఘడియకు 24 సెకండ్లు, గురువుకు 0.4 సెకండు, లఘువుకు అందులో సగం.

ఈ లెక్కను మన పద్యాలకు అన్వయించి చూడవచ్చు. కందపద్యంలో మాత్రలు 64. అంటే విరామాలు కలపకుండా 12.8 సెకండ్లు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాల పాదానికి 21. చంపకమాలకే ఎక్కువ కాలం పడుతుందని తోస్తుంది. కాని మాత్రలు లెక్కిస్తే రెండింటికీ పాదానికి 28! ఏది చదివినా పద్యానికి 22.4 సెకండ్లే. అక్షరాల సంఖ్యను మాత్రమే నమ్ముకొంటే ఇటువంటి పొరపాటు తప్పదు. పూర్వం తాళపత్ర గ్రంథాల పరిమాణాన్ని 32 అక్షరాలు ఒక 'గ్రంథం'గా లెక్కకట్టేవారు. వ్రాతకు అది చక్కని కొలతే, కాలానికి మాత్రం ఉజ్జాయింపు.

ఇదంతా పైకి చదివేటప్పటి మాట. మౌనంగా చదివేటప్పుడు పని కంటిది. 1879 ప్రాంతంలో పారిస్‌లో ఎమిల్ జవాల్ అనే నేత్రవైద్యుడు, కన్ను పంక్తి వెంట సాఫీగా జారదనీ, ఆగి ఆగి గెంతుతుందనీ వెల్లడించాడు. ఆగిన ప్రతిచోటా సుమారు పావు సెకండు గడుస్తుంది. ఇంగ్లీషు వచనాన్ని పెద్దలు నిమిషానికి సగటున 238 మాటల చొప్పున చదువుతారని 2019లో బ్రిస్‌బార్ట్ అనే శాస్త్రజ్ఞుడు అనేక పరిశోధనలను క్రోడీకరించి తేల్చాడు. ఆ అంకెను మనం అరువు తెచ్చుకోలేము. "చదవలేకపోయాను" అన్నది మనకు ఒక్క మాట. ఇంగ్లీషులో నాలుగు మాటలు.

మాత్రలు లెక్కించినంత మాత్రాన సరిపోతుందా? నరసన్నపేటకు చేరువలో, వంశధార ఒడ్డున శ్రీముఖలింగం ఉన్నది. ఆ పరిసరాలలోని పర్వతాలపేటలో 1863లో గిడుగు వేంకట రామమూర్తి జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ ఆయన ముఖలింగ దేవాలయ శాసనాల లిపిని, గురువు లేకుండానే, పుస్తకాల సాయంతో నేర్చుకొన్నారు. మాటకూ మాటకూ నడుమ ఎడం లేని శాసనంలో ఒక పంక్తి తేలటానికి ఎంత ఓర్పు కావాలో చెప్పనక్కరలేదు. పైకి చదివితే అది కొద్ది సెకండ్ల పనే!

1907లో ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె. ఎ. యేట్స్ అనే ఇంగ్లీషువాడికి, తెలుగువారు మాట్లాడే భాష ఒకటి, బడిలో చదివే భాష వేరొకటి ఎందుకైనదో అంతుబట్టలేదు. ఆ ప్రశ్న గిడుగువారి దాకా వచ్చింది. వాడుకభాష కోసం ఆయన సాగించిన పోరాటానికి అదే నాంది.

ఆ తగవును మన కొలతతో పరీక్షించవచ్చు. "రాముఁడింటికిఁబోయెను": ఎనిమిది అక్షరాలు, పదకొండు మాత్రలు. "రాముడు ఇంటికి పోయాడు": తొమ్మిది అక్షరాలు, పదమూడు మాత్రలు. లెక్క ప్రకారం మొదటిదే త్వరగా ముగియాలి. ఈ రెండు వాక్యాలనూ నల్లబల్ల మీద వ్రాసి, ఆరో తరగతి పిల్లవాణ్ణి చదవమనండి. చేతిలో గడియారం ఉంచుకోండి.