బంజరులో బ్రతికిన పక్షి

మన దేశమున వేటకు గుఱియై తఱిగిపోయిన ప్రాణులను గూర్చి ప్రసంగము వచ్చినపుడు పులిని, సింహమును స్మరించుట పరిపాటి. గడ్డినేలనే నమ్ముకొని బ్రతికిన బట్టమేకపిట్టను తలచువారు అరుదు. రాయలసీమవారు బట్టమేక యనియు, రాజస్థానమువారు గొడావన్ అనియు పిలుచు ఈ పక్షి మీటరు ఎత్తుండును. మగది 15 కిలోల వఱకు తూగును. ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైన వానిలో ఇది యొకటి. అయినను చెట్టుపై వ్రాలదు, గూడు కట్టదు. వట్టినేలపై సాధారణముగా ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టును. ఆ గ్రుడ్డును పశువు త్రొక్కినను, నక్క తినినను ఆ యేటి సంతానము అంతటితో సరి.

దీని మాంసము రుచికి పేరు పొందినది. బాబరు తన స్మృతిగ్రంథమున దీని మాంసములో రుచిలేని భాగమే లేదని మెచ్చుకొనెను. ఆంగ్లేయుల కాలమున ఈ వేట దొరల వినోదమాయెను. అహమ్మదునగరు ప్రాంతమున మాన్స్‌ఫీల్డు అను నొక వేటగాడు 1809 మొదలు 1829 వఱకు 961 పక్షులను చంపినట్లు లెక్క యున్నది. కాలినడకన వచ్చు మనిషిని దూరముననే పసిగట్టి తొలగిపోవు ఈ పక్షి, ఎద్దుబండిని జూచి అంతగా బెదరదు. వేటగాండ్రు ఆ నమ్మకమునే వాడుకొనిరి. పిదప జీపులు వచ్చి ఆ శ్రమయు తప్పించెను.

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము ఉపేక్షించినదని అనరాదు. 1952లో వన్యప్రాణి సంరక్షణకై కేంద్రమున ఒక మండలి ఏర్పడెను. జాతీయపక్షిని ఎన్నుకొను తరుణమున, పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ బట్టమేకపిట్ట పక్షమున వాదించెను. 1963లో ఆ గౌరవము నెమలికి దక్కెను. 1969 నాటి అంచనా ప్రకారము మిగిలిన బట్టమేకపిట్టలు సుమారు 1,260. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని మొదటి షెడ్యూలున జేర్చి వేటను నిషేధించెను. ఐనను 2008 నాటికి ఆ సంఖ్య 300 కంటె తక్కువకు దిగజారెను. తుపాకి ఆగినను పక్షి ఏల తఱిగినది?

ఇందుకు సమాధానము మనవంటి ఉద్యోగులకు సుపరిచితమైన రికార్డులలోనే కొంత గలదు. చెట్లు లేవు గనుక ఆ గడ్డినేల అడవి గాదు. పైరు లేదు గనుక పొలము గాదు. కనుక దానికి బంజరు అని పేరు పెట్టితిమి. బంజరును బాగుచేయుట పుణ్యకార్యము. ఒకచోట దానిని దున్నిరి, మఱియొకచోట కాలువ త్రవ్విరి, వేఱొకచోట మొక్కలు నాటిరి. ప్రతి ఫైలులోను సదుద్దేశమే. ఆ నేలపై ఒక ప్రాణి కాపురమున్నదని వ్రాయుటకు మాత్రము ఆ ఫైలులో గడి లేదు.

నాటి కర్నూలు జిల్లా నందికొట్కూరు సమీపమున 1988లో రోళ్లపాడు అభయారణ్యమును ప్రకటించిరి. విస్తీర్ణము ఇంచుమించు ఆరు చదరపు కిలోమీటర్లు. పశువులను రానీయకుండుటచే గడ్డి పెరిగెను. పక్షులు అచ్చట పిల్లలను చేసెను. కాని అవి మేతకై చుట్టుప్రక్కల మెట్టపొలములకు పోవలసినదే. కాలువ నీరు వచ్చి ఆ పొలముల రూపము మాఱిన కొలదియు పక్షులు తఱిగి, తుదకు కనబడుటయే అరుదాయెను. కఱవుసీమ రైతు నీటిని కోరుట తప్పని ఎవరనగలరు? మధ్యప్రదేశమున కరేరాలో 1981లో రైతుల సొంతపొలములనే అభయారణ్యమున జేర్చిరి. వారు తమ భూమిని అమ్ముకొనుటకును వీలులేకపోయెను. వైరము పెరిగినది, పక్షి మిగులలేదు. ఊరివారిని కాదని ఈ పక్షిని కాపాడుట దుస్సాధ్యమని ఆ అనుభవము చాటుచున్నది.

ఇప్పుడు మిగిలినవి రమారమి నూటయేబది. అధికభాగము జైసల్మేరు ఎడారి ప్రాంతముననే. వీని కన్నులు తలకు ప్రక్కలనుండుటచే ఎదుటి విద్యుత్తు తీగలు సరిగా కానరావు. కనబడినను బరువు దేహము చటుక్కున ప్రక్కకు తిరుగజాలదు. ఆ తీగలను భూగర్భమున వేయవలెనని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించి, సౌరవిద్యుత్తు అవసరమును గూడ గమనించి, 2024లో ఆ ఉత్తర్వును సడలించి నిపుణుల సంఘమును నియమించెను. 2019 మొదలు గ్రుడ్లను సేకరించి జైసల్మేరు జిల్లాలో పిల్లలను పొదిగించుచున్నారు. ఆ యత్నము ఫలించుచున్నది.

ఆ పిల్లలను ఎన్నటికైనను నేలపై విడువవలసినదే గదా! అప్పటికి గడ్డినేల మిగిలియుండవలెను. అందులకు మొదటి మెట్టు, దానిని బంజరు అని వ్రాయుట మానుటయే. ఆ పని చేయుటకు తుపాకియు వలదు, కంచెయు వలదు, కలము చాలును.