మలంచా: పేరును పటమును

వంగభాషలో మలంచ యనగా పూలతోట. పశ్చిమ వంగరాష్ట్రములోని ఖరగ్‌పూరు పట్టణమున ఆ పేరు గల పేట నేడు ఇండ్లతోను అంగళ్లతోను క్రిక్కిరిసి యున్నది. అచ్చటి తెలుగువారు ఆ పేరును దినమునకు పదిమార్లు పలుకుదురు, ఉత్తరములపై వ్రాయుదురు. కాని ఆ తోట ఎవరిది, ఎప్పటిది యను ప్రశ్నకు పట్టణపు పటము సమాధానము చెప్పదు. పటము పేరును చూపును. ఆ పేరు ఎట్లు వచ్చెనో చూపదు. ఊళ్ల పేర్లను సేకరించువారి పని ఈ లోపమును గుర్తించుటతో ప్రారంభమగును.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ, 19వ శతాబ్దము ముగియు కాలమున, ఖరగ్‌పూరును కూడలి స్టేషనుగా చేసి అచ్చట పెద్ద కర్మాగారమును నెలకొల్పెను. 1902లో వాల్తేరు నుండి కటకము వరకు గల తూర్పుతీరపు మార్గము కూడ ఆ కంపెనీ చేతికి వచ్చెను. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి బయలుదేరినవారు ఆ మార్గముననే పోయి, రైల్వే కొలువులలో కుదురుకొని, అచ్చటనే స్థిరపడిరి. కంపెనీ తన నేలను తన అవసరము ననుసరించి విభజించుకొనెను. ఓల్డ్ సెటిల్మెంట్, న్యూ సెటిల్మెంట్, ట్రాఫిక్, సౌత్ సైడ్ అను పేర్లు ఆ విభజనకు గుర్తులు. కొలువులో ఎవరెవరు ఎచ్చట నుండవలెనో అవి తెలుపును గాని, నేల ఎట్టిదో తెలుపవు.

రైలుపట్టాలకు దూరముగ జరిగినకొలది వేరు తరగతి పేర్లు కనబడును. నింపురా యను పేరు వేపచెట్టును, తాల్‌బగీచా యను పేరు తాటితోపును తలపించును. ఖరీదా యను మాట పారశీకము; కొనబడినదని దాని అర్థము. తెలుగువారు వస్తువుల వెలను ఖరీదని చెప్పుట ఆ మూలమునుండియే. ఇందా యను మరియొక పేటపేరు, చేతికి ఏదైన అందించునప్పుడు పలుకు మాటవలె, తెలుగు చెవికి వినిపించును. ఇట్టి పోలిక నవ్వుకొనుటకు తగును, చరిత్రకు తగదు. ఒక భాషలో పుట్టిన పేరును మరియొక భాష చెవితో విని అర్థము కల్పించుట ఈ శాస్త్రమున పెద్ద ప్రమాదము. వలస వచ్చినవారు ఉన్నచోట ఆ ప్రమాదము మరింత హెచ్చు.

పట్టణపు పేరునకే రెండు కథలు కలవు. ఇందాలోని ఖడ్గేశ్వర శివాలయము వలన వచ్చినదని కొందరును, ఖడ్గ నామము గల రాజు వలన వచ్చినదని కొందరును చెప్పుదురు. రెండు కథలకును ఖడ్గ శబ్దమే మూలము. ఈ పేరునందలి డకారమును వంగీయులు నాలుక మడిచి, రకారమునకు దగ్గరగ పలుకుదురు. ఆ ధ్వనికి తెలుగున ప్రత్యేకమైన అక్షరము లేదు. ఇంగ్లీషు వ్రాతలో అది రకారమైనది. తెలుగు వ్రాతయు దానినే అనుసరించినది. ఆ దారిలో ఖడ్గము జారిపోయినది.

పేర్లు నేలనంటియే యుండుననుట కూడ సత్యము కాదు. హిజిలీ యనునది మొదట సముద్రతీరమున రసూల్‌పూరు నది ముఖమున గల ప్రాంతపు పేరు. మేదినీపురము జిల్లాను విభజించి హిజిలీ జిల్లాను ఏర్పరుపదలచి, దాని కార్యాలయము కొరకు ఖరగ్‌పూరు చెంత ఒక భవనమును కట్టిరి. జిల్లా ఏర్పడలేదు, పేరు మాత్రము నిలిచెను. 1930లో ఆ భవనము రాజకీయ ఖైదీల నిర్బంధ శిబిరమయ్యెను. 1931 సెప్టెంబరు 16న అచ్చట జరిగిన కాల్పులలో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త మరణించిరి. 1951లో స్వతంత్ర భారతపు మొదటి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అచ్చటనే ప్రారంభోత్సవము జరుపుకొనెను. ఇంత చరిత్రను పటముపై మూడక్షరముల పేరు మోయుచున్నది.

1911-17 నడుమ మేదినీపురము జిల్లాలో జరిగిన సర్వే, మౌజా మౌజాకును మైలుకు 16 అంగుళముల కొలతతో పటము గీచి, ఒక్కొక్కదానికి సంఖ్యనిచ్చెను. శిస్తు వసూలునకు అంతకుమించి అవసరము లేదు. కాని కొలతయు కథయు కలసి నడిచిన ఉదాహరణము తెలుగుదేశముననే అంతకు నూరేండ్ల ముందు కలదు. కాలిన్ మెకంజీ సర్వే అధికారియై భూమిని కొలుచుచునే, కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సహాయముతో గ్రామముల వృత్తాంతములను సేకరించెను. కరణముల కవిలెలనుండియు పెద్దల నోటినుండియు వ్రాయించిన ఆ కైఫియతులలో ఊరికి పేరు వచ్చిన విధము తరచుగా కానవచ్చును. వానిలో పురాణము పాలు హెచ్చుగ నుండవచ్చును. అయినను ఆ ఊరివారు తమ ఊరిని గురించి ఏమి నమ్మిరో తెలిసికొనుటకు అంతకంటె మంచి సాక్ష్యము లేదు.

అదే ఇంటిపేరు గల అలెగ్జాండర్ మెకంజీ 1789లో ఉత్తర అమెరికాలోని ఒక మహానది వెంట ఆర్కిటిక్ సముద్రము వరకు పోయెను. నదికి అతని పేరే పటములకెక్కెను. కాని ఆ తీరములందలి గ్విచిన్ జాతివారు దానిని నగ్విచూన్జిక్ అని పిలిచెదరు. విశాలదేశము గుండ ప్రవహించు నది యని అర్థము. 1992లో వారు స్థాపించుకొన్న సాంస్కృతిక సంస్థ పెద్దలవద్ద కూర్చుండి, వేటబాటలు, చేపలు పట్టు తావులు, విడిదులు, వాని కథలు వ్రాసికొని, పేర్లను పటములపై గుర్తించెను. 1994లో ఆర్కిటిక్ రెడ్ రివర్ అను ఊరు త్సీగెచిక్ అను తన పాతపేరును తిరిగి పొందెను. 2013లో 400కు పైగా గ్విచిన్ పేర్లకు ప్రభుత్వపు గుర్తింపు లభించెను.

గ్విచిన్లది ఒక జాతి, ఒక నేల. మలంచాలో సమస్య వేరు. అచ్చట పేర్లు పెట్టినవారు ఒకరు, పటము గీచినవారు ఒకరు, ఆ పేర్లతో బ్రదుకుచున్నవారిలో అనేకులు మరియొకరు. 2020 డిసెంబరులో పశ్చిమ వంగ ప్రభుత్వము తెలుగును కూడ అధికారభాషగా గుర్తించుటకు నిర్ణయించెను. తెలుగు పలుకుబడిని సేకరించుటకు ఇది తగిన సమయము. కాని దానిని మాత్రమే సేకరించినచో కంపెనీ చేసిన పనియే మరల చేసినట్లగును. ప్రతి పేరునకు వంగలిపిలోని రూపమును, పాతకాపులు పలుకు తీరును, వలస వచ్చినవారు పలుకు తీరును ప్రక్కప్రక్కన వ్రాయవలెను. కథలు రెండున్నచో రెంటిని, చెప్పినవారి పేరుతో సహా, నిలుపవలెను. మౌజా పటములు కార్యాలయములలో భద్రముగ నుండగలవు. పెద్దల జ్ఞాపకము మాత్రము వారితోడనే పోవును; కావున మొదట పోవలసినది వారి ఇండ్లకే.