కూరగాయల సాగు పాఠం మా దాకా వచ్చిన దారి

పూర్వం వ్యవసాయాధికారులు ఊరికొస్తే పట్టా ఉన్న మగవాళ్లతోనే మాట్లాడి వెళ్లేవారు. వంగ, బెండ, టమాట తోటల్లో నాటు, కలుపు, కోత మావే అయినా మమ్మల్ని రైతులని ఎవరూ అనలేదు. పురుగు పడితే మందుల కొట్టు సలహానే దిక్కు, అదీ అప్పు మీద.

2004 నాటికి ఖమ్మం జిల్లాలో పత్తి పండించే పునుకుల గ్రామం పురుగుమందులు మానేసి చూపింది. 2004-05 నుంచి సెర్ప్ ఈ పద్ధతిని మహిళా సంఘాల ద్వారానే ఊళ్లకు తెచ్చింది. వంగకు లింగాకర్షక బుట్టలు, బెండలో తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు, టమాట సాళ్ల మధ్య ఎర పంటగా బంతి, అన్నిటికీ వేపగింజల కషాయం. నేర్పేదీ సాటి రైతులే, అందుకే అడగడానికి మొహమాటపడలేదు.

సంఘం మీటింగుకు వచ్చింది కాబట్టే ఆ సలహా మా చేతికి అందింది. పట్టా లేని అక్కచెల్లెళ్లు, కౌలుకు చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఈసారి శిక్షణ జాబితాలో ముందు వాళ్ల పేర్లే రాద్దాం.