యాక్సిల్ బోల్టు (కారు)

ఇంజన్ తిప్పే ఇరుసును చక్రపు హబ్‌కు బిగించి ఉంచే పెద్ద బోల్టు. కొన్ని కార్లలో దీని స్థానంలో నట్టు ఉంటుంది. చాలా కార్లలో బేరింగు సరైన ఒత్తిడిలో నిలిచేది దీని బిగువు వల్లే.

ఐదో తరం ఫోక్స్‌వాగన్ గోల్ఫ్‌లో ఒక రకం బోల్టును 200 న్యూటన్ మీటర్లకు బిగించి, ఆపై మరో 180 డిగ్రీలు తిప్పాలి. తలకింద గీతలున్న రకానికి 70 న్యూటన్ మీటర్లు, 90 డిగ్రీలే. రకం గుర్తించకుండా పానా పట్టకూడదు. ఆ అదనపు తిప్పుడుకు బోల్టు సాగుతుంది; అందుకే ఊడదీసినదాన్ని మళ్లీ వాడరు, కొత్తది వేస్తారు.

ఇంట్లో విప్పేటప్పుడు బలం కన్నా పిడి పొడవు ముఖ్యం. 200 న్యూటన్ మీటర్లకు అరమీటరు పిడి మీద సుమారు 40 కిలోల బరువు మోపాలి, మీటరు పిడికి 20 చాలు. తుప్పు పట్టినదానికి ఇంకా ఎక్కువే కావాలి. ఈ పనికి బ్రేకర్ బార్ వాడాలి. టార్క్ రెంచి కొలతకే. దానితో విప్పితే కొలత తప్పుతుంది.

కారు నేల మీద ఉండగా, హ్యాండ్ బ్రేక్ వేసి, పావు చుట్టు మించకుండా వదులు చేయాలి. బోల్టు వదులైన చక్రంపై బరువు పడితే బేరింగు పాడవుతుంది. మిగతాది చక్రం పైకెత్తాకే. జాకీని ఒక్కదాన్నే నమ్మడం ప్రాణాంతకం, కింద స్టాండ్ ఉండి తీరాలి. బిగింపులో మొదటి దశ చక్రం గాలిలో ఉండగా, తోడు మనిషి బ్రేకు తొక్కి పట్టుకుంటే జరుగుతుంది. చివరి తిప్పుడు చక్రం నేలకు దించాక.