సున్నపు గోడకు సిమెంటు పూత

వానాకాలం వెళ్ళిన తరువాత పాత యిండ్ల గోడలు అడుగుభాగాన పొరలు పొరలుగా రాలడం అందరూ చూచినదే. ఇంటి యజమాని తాపీమేస్త్రీని పిలిచి సలహా అడుగుతాడు. “గట్టిగా సిమెంటు పూత వేయిస్తే సరిపోతుందండీ” అని జవాబు వస్తుంది. పూత పడుతుంది. కొన్ని వానాకాలాలు గడిచేసరికి చెమ్మ ఆ పూతను దాటి పైకెక్కుతుంది; ఈసారి పూతతోపాటు ఇటుక కూడా పొడియై రాలుతుంది. లోపం మేస్త్రీ పనితనంలో లేదు. ఆ గోడను దేనితో కట్టారో ఎవరూ అడుగలేదు.

ఆ ప్రశ్నను ఓపికగా అడిగినవాడు జాన్ స్మీటన్ అనే ఆంగ్ల ఇంజనీరు. ప్లిమత్ రేవుకు సుమారు 14 మైళ్ళ దూరాన, సముద్రం మధ్య, ఎడ్డిస్టన్ అనే శిల ఉన్నది. దానిపైనున్న కొయ్య దీపస్తంభం 1755 డిసెంబరులో కాలిపోయింది. క్రొత్తదానిని రాతితో కట్టే పని స్మీటనుకు అప్పగించారు. రోజుకు రెండుసార్లు పోటునీరు ముంచెత్తే చోట ఏ సున్నం నిలుస్తుంది? గట్టి రాతిని కాల్చితే గట్టి సున్నం వస్తుందని ఆనాటి మేస్త్రీల నమ్మకం. స్మీటన్ వేరువేరు సున్నాలతో చిన్న ఉండలు చేసి నీటిలో వేసి చూచాడు. నమ్మకం నిలువలేదు. మెత్తని సుద్ద సున్నమూ, గట్టి రాతి సున్నమూ ఒకే తీరుగా ఉన్నాయి. వేల్సు తీరాన ఆబర్తాలో దొరికే సున్నం మాత్రం నీటిలోనూ గట్టిపడింది.

కారణం తోచక ఆయన ప్లిమత్‌లోని మందుల వర్తకుడు విలియం కుక్‌వర్తీని సలహా అడిగాడు. రాతి ముక్కను నత్రికామ్లంలో కరిగించి, కరగక మిగిలినదేమో చూచే పద్ధతిని ఆయన నేర్పాడు. ఆబర్తా రాతిలో మిగిలినది బంకమన్ను! ఇంజనీరు మందుల దుకాణానికి వెళ్ళి రాళ్ళ సంగతి అడగడం వింతగా తోచవచ్చు గాని, సిమెంటు చరిత్రలో పెద్ద మలుపు అక్కడే వచ్చింది. ఆ సున్నంలో ఇటలీ దేశపు అగ్నిపర్వత ధూళిని సమపాళ్ళలో కలిపి కట్టిన స్తంభంపై 1759 అక్టోబరులో దీపం వెలిగింది.

దీనిలోని రసాయనం సులభమే. సున్నపురాతిని కాల్చితే బొగ్గుపులుసు వాయువు పోతుంది. నీరు చల్లితే తడిసున్నం అవుతుంది. అది గాలిలోని ఆ వాయువునే తిరిగి పీల్చి మెల్లగా రాయిగా మారుతుంది. బంకమన్ను కలిసి కాలినప్పుడు అందులోని సిలికా సున్నంతో కూడి, నీటితోనే గట్టిపడే పదార్థాలు ఏర్పడతాయి. 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీపనివాడు ఈ రెంటినీ కలిపి కాల్చి, ‘పోర్ట్‌లండు సిమెంటు’ పేరిట పేటెంటు పొందాడు. నేటి సిమెంటుకు కావలసిన అధిక ఉష్ణోగ్రతను సాధించినవారు ఆ తరువాతివారు.

మన ప్రాంతంలో 1591 నాటి చార్మినారును నిలిపినదీ, పల్లెల్లోని పాత మండువా యిండ్లను నిలిపినదీ గానుగలో నూరిన డంగుసున్నమే. ఇటుకపొడి కలపడం కూడా మన మేస్త్రీలకు తెలుసు. కాల్చిన మట్టి గనుక అది అగ్నిపర్వత ధూళి చేసే పనినే కొంతవరకు చేస్తుంది.

సున్నపు గోడలో సూక్ష్మరంధ్రాలెక్కువ. నేలనుండి ఎక్కిన తేమ వాటిగుండా ఆరిపోతుంది. సిమెంటు పూత ఆ దారిని చాలవరకు మూస్తుంది. నీరు లోపలనే నిలుస్తుంది. అందులో కరిగిన లవణాలు ఇటుకలో స్ఫటికాలై పెరిగి దానిని పగులగొడతాయి. సిమెంటు గట్టిదనమే ఇక్కడ హాని చేస్తున్నది.

పాఠశాల ప్రయోగశాలలో పాత గచ్చు ముక్కపై సజల హైడ్రోక్లోరికామ్లం చుక్కలు వేస్తే పొంగుతుంది. అయితే పొంగు చూచి సున్నమని తేల్చరాదు. పాత సిమెంటు కూడా పొంగుతుంది. తెల్లగా ఉండి, గోటితో గీస్తే రాలేది సాధారణంగా సున్నం.

ఇక మరమ్మతు. నీరు ఎక్కడినుండి వస్తున్నదో కనిపెట్టి ముందు దానిని ఆపాలి. సిమెంటు పూతను జాగ్రత్తగా ఊడదీసి గోడను ఆరనివ్వాలి. వారాలపాటు నీటిలో నానిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళు కలిపి, గోడ తడిపి, పలుచని పొరలుగా వేయాలి. సున్నం కంట పడకుండా చూచుకోవాలి. కొన్నాళ్ళు ఎండ తగలకుండా తడిగోనెలు వ్రేలాడదీయాలి. పైన సున్నపు వెల్లయే వేయాలి. ఆయిలు పెయింటు వేస్తే ఆ రంధ్రాలు మళ్ళీ మూసుకుపోతాయి.