దావత్ ఖర్చు ఎవరిది?

పెద్దవంగర మండల ఆఫీసులో ప్రమోషన్ దావత్ అనగానే ముందు తేలాల్సింది చోటు. కుర్రాళ్లు హన్మకొండ పోయి ఇటలీ పిజ్జా తిందామంటారు. నా ఓటు తొర్రూరు బిర్యానీకే. రాత్రి అందరూ ఇల్లు చేరొచ్చు. బిల్లు తలా ఇంత వేసుకుంటాం. ఆ చందా నాకు చాలా విలువైనది, ఎందుకంటే ఒకప్పుడు అధికారి తిండి ఖర్చు ఊరి మీదే పడేది.

నిజాం జమానాలో అధికారి ఊళ్లో దిగితే గొల్లలు గొర్రెనివ్వాలి, కుమ్మరులు కుండలివ్వాలి, గౌండ్లు కల్లు పొయ్యాలి. పైసా ముట్టదు. అదే వెట్టి. అలా వెట్టి చేయించే విసునూరు దేశ్‌ముఖ్‌ను మా పక్క పాలకుర్తిలో చాకలి ఐలమ్మ ఎదిరించింది. ఆ దొర మీద పోరులోనే కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య ప్రాణమిచ్చాడు.

మొన్నటి దావత్‌లో అటెండర్ వాటా మిగతావాళ్లం పంచుకున్నాం. చోటు మాత్రం ఆయన్నే చెప్పమన్నాం. తొర్రూరే అన్నాడు.