గాలి కోసం కట్టిన గోడలు

సికింద్రాబాద్‌లో తిరుమలగిరి దాటి బొల్లారం వైపు వెళ్తుంటే చెట్ల చాటున పాత దండు బంగళాలు కనిపిస్తాయి. ఎత్తైన పునాది, చుట్టూ లోతైన వరండా, కప్పు అంచున చిన్న చిన్న గాలి కిటికీలు. చూడటానికి దర్జాగా ఉన్నా, ఆ కట్టడం వెనక ఉన్నది భయం.

1798 ఒప్పందంతో నిజాం రాజ్యంలో ఇంగ్లిషు సైన్యం పాతుకుపోయింది. దాని విడిదికి 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టారు; అదే సికింద్రాబాద్. భారతదేశంలో తెల్ల సిపాయిలను యుద్ధాలకన్నా జ్వరాలే ఎక్కువగా పొట్టన పెట్టుకున్నాయి. ఏటా వెయ్యిమందికి 69 మంది చనిపోతున్నారని 1863లో రాయల్ కమిషన్ లెక్క తేల్చింది. చెడు గాలే జ్వరాలకు మూలమని అప్పటి వైద్యుల నమ్మకం. అందుకే బారకాసుల కప్పులు పైకి లేచాయి, నేలలు ఎత్తు పెరిగాయి. మనిషికి ఇన్ని ఘనపుటడుగుల గాలి అని కొలిచి మరీ గదులు కట్టారు.

1897 ఆగస్టు 20న, ఆ దండుకు దగ్గర్లోనే, బేగంపేటలో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. తప్పు గాలిది కాదని తేలింది. అయినా ఆ పొరపాటు నమ్మకం కట్టించిన ఇల్లు మన ఎండలకు చక్కగా సరిపోయింది. వేడెక్కిన గాలి పైకి లేచి, కప్పు అంచు కిటికీల్లోంచి బయటికి పోతుంది. ఫాల్స్ సీలింగ్ బిగిస్తే ఆ దారి మూసుకుపోతుంది.

ఇలాంటి ఇల్లు నిలవాలంటే సున్నం తెలిసిన మేస్త్రీ కావాలి. గానుగ సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి ఇటుక పొడిపొడిగా రాలుతుంది. మద్రాస్ టెర్రస్ కప్పుదీ అదే కథ: టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను నిలబెట్టి, ఏటవాలుగా పేర్చి సున్నంతో బిగిస్తారు. వానలకు ముందే పగుళ్లు పూడ్చకపోతే దూలం పుచ్చిపోతుంది.

కంటోన్మెంట్ల పాత చట్టమూ ఈ ఇళ్లకు చేటు చేసింది. బెంగాల్ సైన్యానికి 1836లో వెలువడిన ఉత్తర్వు ప్రకారం నేల సర్కారుది, ఇల్లు మాత్రమే కట్టుకున్నవారిది. నెల రోజుల నోటీసిచ్చి, కట్టడం విలువ చెల్లించి సర్కారు వెనక్కి తీసుకోవచ్చు. అలాంటి షరతుల కింద ఉన్న ‘ఓల్డ్ గ్రాంట్’ బంగళాల మీద వాటి నీడ నేటికీ ఉంది. ఎప్పుడు పోతుందో తెలియని ఇంటి కప్పుకు ఎవరు డబ్బు పెడతారు?

బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం అదృష్టం వేరు. ఒకనాటి బ్రిటిష్ రెసిడెంట్ విడిది అది, మనుషుల అలికిడి పోని ఇల్లు. 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా జనం చూడవచ్చు. వంటింటి నుంచి భోజనశాలకు వంటకాలు మోసుకెళ్లిన సొరంగంలో ఇప్పుడు చేర్యాల బొమ్మల మధ్య పిల్లలు నడుస్తున్నారు.